వార్డు, నియోజకవర్గ హద్దుల పునర్విభజనపై అభ్యంతరం ఎలా రాయాలి, విధానంలో మార్పు ఎలా అడగాలి

2025 డిసెంబరులో హైదరాబాద్ మహానగరపాలక సంస్థ వార్డులను 150 నుంచి 300కు పెంచుతూ ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడినప్పుడు, అభ్యంతరాలు, సూచనలు ఇవ్వడానికి మొదట పెట్టిన గడువు వారం రోజులు. నోటిఫికేషన్‌లో ప్రతి వార్డు హద్దులనూ దిక్కుల వారీగా, రోడ్ల పేర్లతో, నాలాల పేర్లతో మాటల్లో వర్ణిస్తారు. ఆ వర్ణనను చదివి, తమ వీధి ఏ వైపు పడిందో తేల్చుకునేలోపే సామాన్యుడికి సగం గడువు గడిచిపోతుంది. మిగిలిన సగంలో కాలనీ సంఘం వాళ్లు సమావేశమై, ఒక వినతిపత్రం రాసి, సంతకాలు సేకరించి, సర్కిల్ కార్యాలయంలో ఇచ్చి రసీదు తెచ్చుకుంటారు. చాలాసార్లు వ్యవహారం ఆ రసీదుతోనే ముగుస్తుంది.

కొన్నేళ్ల కిందట మా కాలనీ సంఘం చేసిన పని కూడా అదే. మూడు వందలకు పైగా సంతకాలు సేకరించాం, కానీ కాగితం మీద ఉన్న అభ్యర్థన ఒక్కటే: మా కాలనీని పక్క వార్డులో కలపవద్దు. మా కాలనీ పాత వార్డులోనే ఉంటే ఆ వార్డు జనాభా ఎంత అవుతుంది, పక్క వార్డుకు ఏర్పడే లోటును ఎక్కడి నుంచి పూడ్చాలి అనే ప్రశ్నలకు మా దగ్గర జవాబు లేదు. వినతిపత్రాన్ని తీసుకున్న అధికారి అడిగింది సరిగ్గా ఆ ప్రశ్ననే. హద్దు అనేది రెండు ప్రాంతాలకు ఉమ్మడిగా ఉండే గీత కాబట్టి, మీ అభ్యంతరం రెండు వైపులా లెక్క సరిపోయే ప్రత్యామ్నాయాన్ని చూపించాలి. అలా చూపించిన కాగితాన్ని మాత్రమే అధికారి పక్కన పెట్టలేడు. ఈ వ్యాసంలో చెప్పేదంతా అలాంటి కాగితాన్ని తయారు చేయడం గురించీ, ఆ తర్వాత హద్దులు గీసే పద్ధతినే మార్చమని ఎవరిని, ఏమని అడగాలో దాని గురించీ.

మొదటి దశ: గీత గీసేది ఎవరో తెలుసుకోండి

మీరు ఒకే సమయంలో ఒక మున్సిపల్ వార్డులోనూ, ఒక శాసనసభ నియోజకవర్గంలోనూ, ఒక లోక్‌సభ నియోజకవర్గంలోనూ ఉంటారు. వార్డుల హద్దులను రాష్ట్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం మున్సిపల్ యంత్రాంగం నిర్ణయిస్తుంది. శాసనసభ, లోక్‌సభ హద్దులను పార్లమెంటు చేసే చట్టం కింద ఏర్పడే డీలిమిటేషన్ కమిషన్ నిర్ణయిస్తుంది. దేశంలో ఇటువంటి కమిషన్లు 1952, 1963, 1973, 2002 సంవత్సరాల్లో ఏర్పడ్డాయి. ఆఖరిది సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసింది, దాని ఆదేశాలు 2008 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చాయి. హైదరాబాద్ జిల్లాలో అప్పటిదాకా ఉన్న 13 నియోజకవర్గాల్లో హిమాయత్‌నగర్, ఆసిఫ్‌నగర్, మహారాజ్‌గంజ్ అప్పుడే కనుమరుగయ్యాయి. అంబర్‌పేట, జూబ్లీహిల్స్, నాంపల్లి, గోషామహల్, బహదూర్‌పురా కొత్తగా వచ్చి మొత్తం 15 అయ్యాయి.

1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ, 2001 నాటి 84వ సవరణ కలిసి రాష్ట్రాల మధ్య సీట్ల పంపకాన్ని 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా ఆపి ఉంచాయి. రాష్ట్రం లోపలి హద్దులను మాత్రం 2001 జనాభా లెక్కల ప్రకారం సరిచేయడానికి 2003 నాటి 87వ సవరణ వీలు కల్పించింది. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 26వ సెక్షన్ తెలంగాణ శాసనసభ స్థానాలను 119 నుంచి 153కు పెంచవచ్చని చెప్పింది గానీ, ఆ పెంపు రాజ్యాంగంలోని 170వ అధికరణానికి, అంటే శాసనసభ స్థానాల సంఖ్యను కూడా 2026 తర్వాతి జనగణన దాకా ఆపి ఉంచే అధికరణానికి లోబడి ఉండాలన్న షరతు వల్ల ఆగిపోయింది. జమ్మూకశ్మీర్‌లో నియోజకవర్గాలను విడిగా పునర్విభజించిన మాదిరిగా ఇక్కడా వెంటనే చేయాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టివేసింది. అందువల్ల శాసనసభ హద్దుల విషయంలో మీకు ఇప్పుడు ఉన్నది సిద్ధపడే సమయం. దాన్ని వృథా చేసుకోకండి.

కోర్టు మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. నియోజకవర్గాల విభజనకు సంబంధించిన చట్టాలను కోర్టుల్లో ప్రశ్నించడానికి 329వ అధికరణం, మున్సిపల్ వార్డుల విషయంలో 243జెడ్‌జి అధికరణం అడ్డుగా నిలుస్తాయి. ప్రచురితమైన కమిషన్ ఆదేశం చట్టంతో సమానమని మేఘరాజ్ కొఠారీ కేసులో సుప్రీంకోర్టు 1960లలోనే తేల్చింది. ఆదేశం స్పష్టంగా ఏకపక్షంగా ఉండి, రాజ్యాంగ విలువలకు విరుద్ధమైతే కోర్టులు చూడవచ్చని 2024లో అదే కోర్టు కొంత వెసులుబాటు ఇచ్చింది గానీ, ఆ మెట్టు చాలా ఎత్తైనది. ముసాయిదాకూ తుది ఆదేశానికీ మధ్య ఉండే ఆ కొద్ది రోజులే మీ మాట నిజంగా చెల్లుబాటయ్యే కాలం.

రెండో దశ: ముసాయిదా రాకముందే అంకెలు సేకరించండి

అన్నిటికంటే ముఖ్యమైన దశ ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. ముసాయిదా వచ్చిన తర్వాత సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే, జవాబుకు 30 రోజుల వ్యవధి ఉంటుంది. అప్పటికి గడువు ముగిసి నోటిఫికేషన్ తుది రూపం దాల్చి ఉంటుంది. అందుకే ఆ దరఖాస్తును ఇవాళే పెట్టండి. పది రూపాయల రుసుముతో అయ్యే పని. మీ వార్డు, దాని చుట్టూ ఉన్న వార్డులన్నిటికీ జనగణన ఎన్యూమరేషన్ బ్లాకుల వారీ జనాభా, అందులో షెడ్యూల్డ్ కులాల, షెడ్యూల్డ్ తెగల సంఖ్య, బ్లాకుల హద్దులు చూపే నక్షా అడగండి. ఎన్యూమరేషన్ బ్లాకు అంటే జనగణనలో ఒక గణకుడు తిరిగి లెక్క రాసుకున్న చిన్న ప్రాంతం. నగరంలో హద్దు ఎటు జరపాలన్నా లెక్క కట్టడానికి పనికివచ్చే అతి చిన్న ఇటుక అదే.

ఇక్కడ మూడు చోట్ల జనం పొరబడుతుంటారు. మొదటిది ఇంటి నంబరు. హైదరాబాద్ పాతబస్తీలోనూ, పాత నగరపాలక సంస్థ పరిధిలోని మిగతా ప్రాంతాల్లోనూ ఇంటి నంబరులోని మొదటి అంకె వార్డును, రెండోది బ్లాకును సూచిస్తుంది. 8-2 అని కనిపిస్తే బంజారాహిల్స్ వైపని పోస్ట్‌మ్యాన్‌కు తెలుస్తుంది. ఆ వార్డు ఆస్తిపన్ను కోసం ఎప్పుడో చేసిన విభజన, దానికీ మీరు కార్పొరేటర్‌ను ఎన్నుకునే వార్డుకూ సంబంధం లేదు. జనగణన వార్డు మళ్లీ వేరు. ఈ మూడింటినీ కలగాపులగం చేసి రాసిన వినతిపత్రం మొదటి పేజీలోనే విశ్వసనీయతను కోల్పోతుంది.

రెండోది జనాభాకూ ఓటర్లకూ ఉన్న తేడా. చట్టం దృష్టిలో హద్దులకు ప్రాతిపదిక చివరిసారి ప్రచురితమైన జనగణన. ఓటర్ల జాబితాలో పేర్లు, కొత్త అపార్ట్‌మెంట్లలోని ఫ్లాట్ల సంఖ్య, ఆధార్ లెక్క ఇవేవీ దాని స్థానంలోకి రావు. కోకాపేటలోనో నల్లగండ్లలోనో మీ గేటెడ్ కమ్యూనిటీలో రెండు వేల కుటుంబాలు ఉండవచ్చు, 2011లో అక్కడ రాళ్లగుట్ట ఉండి ఉంటే లెక్కలోకి వచ్చేది ఆ గుట్టే. ఇది అన్యాయంగా తోస్తుంది, నాకూ అన్యాయమే అనిపిస్తుంది. కానీ దాన్ని సరిచేయమని అడగవలసిన చోటు వేరు, దాని సంగతి తర్వాత చెబుతాను. వార్డు అభ్యంతరంలో మాత్రం జనగణన అంకెనే వాడండి. కావాలంటే ఓటర్ల సంఖ్యను అదనపు సమాచారంగా పక్కన చూపించండి. పోలింగ్ కేంద్రాల వారీ ఓటర్ల జాబితాలు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో అందరికీ దొరుకుతాయి.

మూడోది తేదీల విషయం. రాబోయే జనగణనకు మన రాష్ట్రంలో ప్రామాణిక సమయం 2027 మార్చి 1. దానికోసం పాలనాపరమైన హద్దులను మార్చడానికి 2025 డిసెంబరు 31ని చివరి తేదీగా పెట్టారు. ఆ తేదీ నాటి హద్దుల ప్రకారమే బ్లాకులు ఏర్పడతాయి, ఆ బ్లాకుల అంకెలే రేపటి నియోజకవర్గాలకు ముడిసరుకు అవుతాయి. గణకుడు మీ వీధికి వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నవారందరి పేర్లూ రాయించడం, అద్దెకున్నవాళ్లనూ భవన నిర్మాణ కూలీల గుడిసెలనూ వదిలేయకుండా చూడడం కూడా హద్దుల పనిలో భాగమే. లెక్కలోకి రాని మనిషికి ప్రాతినిధ్యంలో వాటా ఉండదు.

మూడో దశ: సరాసరి తీసి తేడా లెక్కకట్టండి

లెక్క సులువైనదే. మొత్తం జనాభాను స్థానాల సంఖ్యతో భాగిస్తే సరాసరి వస్తుంది. 2011 జనగణనలో అప్పటి హైదరాబాద్ మహానగరపాలక సంస్థ జనాభా సుమారు 67 లక్షలు, వార్డులు 150, అంటే వార్డుకు దాదాపు 45 వేలు. 2002 నాటి కమిషన్ నియోజకవర్గాలకు సరాసరి నుంచి 10 శాతం ఎక్కువ తక్కువలను అంగీకరించింది. మీ వార్డుల నోటిఫికేషన్ ఎంత తేడాను అనుమతిస్తున్నదో అందులోనే చూసుకోండి. ఉదాహరణ కోసం ఇక్కడా 10 శాతమే అనుకుందాం. అప్పుడు ఒక వార్డు జనాభా 40,500 నుంచి 49,500 మధ్య ఉండాలి.

ముసాయిదాలో మీ వార్డుకు 51,200, పక్క వార్డుకు 41,300 చూపించారనుకోండి. మీది సరాసరి కంటే దాదాపు 14 శాతం ఎక్కువ. రెండిటి మధ్య ఉన్న 2,900 మంది కాలనీని పక్క వార్డులోకి జరిపితే మీది 48,300, వాళ్లది 44,200 అవుతాయి, రెండూ పరిధిలోకి వస్తాయి. ఈ నాలుగు అంకెలు ఉన్న అభ్యంతరం దానంతట అదే వాదిస్తుంది. ఇప్పుడు తారుమారైన పరిస్థితి చూడండి. మీ కాలనీలో 3,400 మంది ఉన్నారు, ముసాయిదాలో మిమ్మల్ని చేర్చిన వార్డు జనాభా 42,800, మీరు బయటికి రావాలనుకుంటున్నారు. మీరు వచ్చేస్తే ఆ వార్డు 39,400కు పడిపోయి పరిధి దాటిపోతుంది. కాబట్టి దానికి కనీసం 1,100 మందిని ఇంకో వైపు నుంచి ఏ బ్లాకులు ఇవ్వగలవో మీరే చూపించాలి. ఆ బ్లాకుల్లోని వాళ్లతో ముందే మాట్లాడి, వాళ్ల సంఘం సంతకం కూడా తీసుకుంటే మీ ప్రతిపాదన రెండింతలు బలపడుతుంది. రెండు కాలనీలు ఒకదాని మీద ఒకటి విడివిడిగా ఫిర్యాదు చేసుకుంటే, అధికారి రెండింటినీ కొట్టేసి ముసాయిదానే ఉంచేస్తాడు.

నాలుగో దశ: హద్దు వెంట నడిచి చూడండి

నియోజకవర్గాలు భౌగోళికంగా ఒకచోట కుదురుగా ఉండాలనీ, భౌతిక స్వరూపాన్ని, ఇప్పటికే ఉన్న పాలనా హద్దులను, రాకపోకల సౌకర్యాన్ని, ప్రజల వీలును గమనించాలనీ 2002 నాటి డీలిమిటేషన్ చట్టంలోని 9వ సెక్షన్ చెబుతుంది. మీ అభ్యంతరంలో ఈ నాలుగు మాటలనే వాడండి, ఎందుకంటే పరిశీలించేవారికి తూకపురాళ్లు అవే. కానీ మాటలు వాడినంత మాత్రాన సరిపోదు, నేల మీద చూసింది రాయాలి. ఒక ఆదివారం ఉదయం నలుగురు కలిసి ప్రతిపాదిత హద్దు మొదటి నుంచి చివరిదాకా నడవండి.

మూసీని తీసుకోండి. నక్షా మీద మలక్‌పేట, అంబర్‌పేట పక్కపక్కనే ఉంటాయి. మధ్యలోని మూసారాంబాగ్ వంతెన వరద వచ్చినప్పుడల్లా మూతపడిన సంగతి ఆ దారిన తిరిగిన ప్రతివారికీ తెలుసు. నదికి అవతల ఉన్న నాలుగు వీధులను ఇవతలి వార్డులో కలిపితే, ఆ వీధులవాళ్లకు వార్డు కార్యాలయం చేరడానికి ఎంత చుట్టు తిరగాలో కిలోమీటర్లలో రాయండి. రైల్వే లైన్ల దగ్గరా అంతే, గేటు ఎక్కడుంది, కింది నుంచి దారి ఉందా, వాన పడితే ఆ దారిలో నీళ్లు నిలుస్తాయా అన్నవి కార్యాలయంలో కూర్చుని గీత గీసేవారికి కనిపించవు.

నాలాల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. హద్దు వర్ణించడానికి సులువని నాలా మధ్యగీతను వార్డు హద్దుగా పెట్టడం అలవాటు. రెండు ఒడ్డులకూ మధ్య పెద్ద అగడ్తలా ఉండే నాలా అయితే అందులో తప్పు లేదు. కానీ రెండు ఒడ్డులనూ ఆనుకుని ఒకే బస్తీ ఉండి, ఒకే వానకు రెండు వైపులా ఇళ్లలోకి నీళ్లు వచ్చే చోట, పూడిక తీయించడం ఎవరి బాధ్యతో ఏ కార్పొరేటర్‌నూ నిలదీయలేని స్థితి ఏర్పడుతుంది. ఈ వైపు అడిగితే ఆ వైపు వారిదంటారు. అటువంటి చోట హద్దును నాలా నుంచి తప్పించి దగ్గరి పెద్ద రోడ్డు మీదికి జరపమని అడగండి, 2020 అక్టోబరు వరదల్లో ఏ వీధుల్లో ఎంత నీరు చేరిందో ఫొటోలతో సహా జతచేయండి. ప్రజల వీలు అన్న చట్టం మాటకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం లేదు.

హద్దు ఒక బస్తీని రెండు మూడు ముక్కలు చేస్తున్నదేమో కూడా చూడండి. ఒక సమూహాన్ని చీల్చి ప్రతి వార్డులోనూ అల్పసంఖ్యగా మిగల్చడం, లేదా అందరినీ ఒకే వార్డులో కుక్కి చుట్టుపక్కల వార్డుల్లో వారి మాట లేకుండా చేయడం, ఈ రెండూ హద్దులతో చేసే అన్యాయాలలో పాతవి. షెడ్యూల్డ్ కులాలకు కేటాయించే స్థానాలు రాష్ట్రంలోని వేర్వేరు భాగాల్లో విస్తరించి ఉంటూ, వారి జనాభా నిష్పత్తి ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఉండాలని చట్టం చెబుతుంది. హైదరాబాద్ జిల్లాలోని 15 స్థానాల్లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఒక్కటే ఎస్సీ రిజర్వుడు. మీ బస్తీ చీలిక వల్ల ఏ వార్డులో ఎస్సీ జనాభా శాతం ఎంత నుంచి ఎంతకు తగ్గుతున్నదో లెక్క చూపిస్తే, అది చట్టబద్ధమైన వాదన అవుతుంది. ఏ పార్టీకి లాభం, ఏ మతం ఓట్లు ఎటు పోతాయి అన్న మాటలు మాత్రం కాగితం మీదికి రానివ్వకండి. అవి నిజమే అయినా, మీ అభ్యంతరాన్ని రాజకీయమని తీసి పక్కన పెట్టడానికి సాకు అవుతాయి.

అయిదో దశ: నక్షా, కాగితం తయారు చేయండి

నక్షాకు ఖరీదైన పరికరాలేమీ అక్కరలేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద గానీ, గూగుల్ మై మ్యాప్స్‌లో గానీ ముసాయిదా హద్దును ఎర్రగా, మీరు కోరే హద్దును నీలంగా గీయవచ్చు. ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఎవరైనా ఉంటే ఉచితంగా దొరికే నక్షాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో బ్లాకుల జనాభాను రంగులతో చూపించగలరు. ఏ3 సైజులో ప్రింట్ తీయించి, రోడ్ల పేర్లు, బడి, మసీదు, గుడి, పోలింగ్ కేంద్రం, బస్టాపు గుర్తించండి. ఒక నక్షాలో ఒకే మార్పు చూపించండి.

అభ్యంతర పత్రం రెండు పేజీలు దాటకూడదు. మొదటి పేరాలో నోటిఫికేషన్ సంఖ్య, తేదీ, వార్డు సంఖ్య, పేరు ఉండాలి. అసలు విషయం ఇలా రాయవచ్చు:

‘ముసాయిదాలోని ఫలానా వార్డు తూర్పు హద్దును రైల్వే లైను దాటించి ఫలానా రోడ్డు వరకు జరిపారు. దీనివల్ల లైనుకు అవతలి మూడు ఎన్యూమరేషన్ బ్లాకుల్లోని 2,900 మంది వార్డు కార్యాలయానికి చేరడానికి నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరగవలసి వస్తుంది, వార్డు జనాభా కూడా సరాసరి కంటే 13.8 శాతం ఎక్కువ అవుతుంది. హద్దును రైల్వే లైనుకు పరిమితం చేసి ఆ మూడు బ్లాకులను పక్క వార్డులో చేర్చినట్లయితే రెండు వార్డుల జనాభా వరుసగా 48,300, 44,200 అవుతుంది. మా ప్రతిపాదనతో పక్క వార్డు పరిధిలోని సంఘం కూడా ఏకీభవించింది. ఈ అభ్యంతరాన్ని ఆమోదించినా, తిరస్కరించినా కారణాలను లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.’

చివరి వాక్యాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వదలవద్దు. మూడు వందల మంది ఒకే కాగితం మీద సంతకం చేస్తే అది ఒక అభ్యంతరంగానే నమోదవుతుంది. వేర్వేరు సంఘాలు, వేర్వేరు కారణాలతో, ఒకే నక్షాను జతచేస్తూ ఇచ్చే అయిదు కాగితాలు అంతకంటే బరువైనవి. తెలుగులో రాయండి, పాతబస్తీలో అయితే ఉర్దూ ప్రతి కూడా జతచేయండి, ఉర్దూ మన రాష్ట్రంలో రెండో అధికార భాష. కార్యాలయంలో ఇచ్చి, తేదీ, స్టాంపు ఉన్న రసీదు తీసుకోండి, ఈమెయిల్‌లోనూ పంపండి.

ఆరో దశ: బహిరంగ విచారణలో మాట్లాడండి

శాసనసభ, లోక్‌సభ హద్దుల విషయంలో కమిషన్ ముసాయిదాను రాజపత్రంలో ప్రచురించి, నిర్ణీత తేదీలోపు వచ్చిన అభ్యంతరాలను పరిశీలించి, బహిరంగ సమావేశాలు జరపాలి. సమావేశంలో మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. నక్షాను చేతిలో పట్టుకుని, ముందు అంకె, తర్వాత దారి, చివర ప్రత్యామ్నాయం చెప్పండి. ఊరి చరిత్ర, నాయకుల సేవలు చెప్పడం మొదలుపెడితే సమయం అక్కడే అయిపోతుంది.

ఏడో దశ: విధానం మార్చమని విడిగా రాయండి

ఇప్పటిదాకా చెప్పినదంతా ఉన్న చట్టంలోపలి పని. చట్టంలోనే ఉన్న లోపాలను కమిషన్ సరిచేయలేదు, కాబట్టి వాటిని అభ్యంతర పత్రంలో కలపకుండా వేరే వినతిగా రాసి, మీ లోక్‌సభ సభ్యుడికి, కేంద్ర న్యాయశాఖకు, వార్డుల విషయంలోనైతే రాష్ట్ర పురపాలక శాఖకు పంపండి. కొత్త కమిషన్‌కు కొత్త చట్టం కావాలి గనుక, బిల్లు రూపం దాల్చకముందే చెప్పిన మాటకు విలువ ఎక్కువ.

ఏమి అడగాలి? నేనైతే అన్నిటికంటే ముందు అంకెల బహిర్గతం అడుగుతాను. ముసాయిదాతో పాటు ప్రతి బ్లాకు జనాభా, ప్రతి హద్దు నక్షా కంప్యూటర్‌లో తెరిచి వాడుకోగల ఫైలుగా అదే రోజున వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఈ ఒక్కటి జరిగితే, రెండో దశలో నేను మీకు చెప్పిన శ్రమ చాలావరకు అవసరముండదు. ఇందుకు రాజ్యాంగ సవరణ అక్కరలేదు, సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలు తమంతట తామే సమాచారం వెల్లడించాలని ఎప్పుడో చెప్పింది.

తర్వాత గడువు. బ్రిటన్‌లో సరిహద్దుల కమిషన్లు తొలి ప్రతిపాదనల మీద ఎనిమిది వారాలు అభిప్రాయాలు తీసుకుంటాయి. అంతటితో ఆగకుండా, వచ్చిన అభిప్రాయాలన్నిటినీ ప్రచురించి, వాటి మీద మళ్లీ జనం స్పందించడానికి రెండో విడత అవకాశం ఇస్తాయి. పక్క కాలనీ మన గురించి ఏమని రాసిందో మనకు తెలియడం, మనం ఏమి రాశామో వాళ్లకు తెలియడం ఆ పద్ధతిలోని గొప్పతనం. మూడో దశలో చెప్పిన రెండు కాలనీల సర్దుబాటు అక్కడ వ్యవస్థే చేయిస్తుంది.

కమిషన్‌లో ఎవరు కూర్చుంటారన్నది ఇంకో ప్రశ్న. మన చట్టంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి లేదా విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షుడు, ప్రధాన ఎన్నికల కమిషనర్ లేదా ఆయన సూచించే మరో కమిషనర్, రాష్ట్ర ఎన్నికల కమిషనర్ సభ్యులు. వీరికి తోడుగా రాష్ట్రం నుంచి అయిదుగురు లోక్‌సభ సభ్యులు, అయిదుగురు శాసనసభ్యులు అనుబంధ సభ్యులుగా ఉంటారు. వీరికి ఓటు లేదు గానీ, ముసాయిదా తయారయ్యే గదిలో ఉండేది వీరే, తమ సీటు హద్దులనే చర్చించేదీ వీరే. అమెరికాలోని కాలిఫోర్నియా 2008లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా తన శాసనసభ హద్దుల పనిని 14 మంది సాధారణ పౌరుల కమిషన్‌కు అప్పగించింది, అందులో రెండు పెద్ద పార్టీల మద్దతుదారులు అయిదుగురు చొప్పున, ఏ వైపూ చెందనివారు నలుగురు. మనకు అది యథాతథంగా సరిపోతుందని నేను అనను. కానీ అనుబంధ సభ్యులలో సగమైనా భూగోళ శాస్త్రం, నగర ప్రణాళిక తెలిసినవారు, పౌర సంఘాలవారు ఉండాలని అడగడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

ఇక పెరుగుదల. హైదరాబాద్‌కు ఇంతకంటే ముఖ్యమైన సమస్య లేదు. 2008 హద్దులు 2001 జనాభాను బట్టి గీసినవి, హైటెక్ సిటీ చుట్టూ ఊరు విస్తరించింది ఆ తర్వాత. ఫలితంగా 2023 శాసనసభ ఎన్నికల నాటికి శేరిలింగంపల్లిలో ఓటర్లు 7 లక్షలు దాటారు, అదే ఎన్నికల్లో భద్రాచలంలో లక్షన్నర కంటే తక్కువ. భద్రాచలం గిరిజన ప్రాంతం, 2014లో దాని మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, అందువల్ల అక్కడ సంఖ్య తగ్గడానికి కారణాలు వేరే ఉన్నాయి. అయినా ఒక్క శాసనసభ్యుడు 7 లక్షల మందికి జవాబు చెప్పడం సాధ్యమయ్యే పని కాదు. మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో 2019 నాటికే 31 లక్షలకు పైగా ఓటర్లున్నారు, దేశంలోకెల్లా అదే పెద్దది. ఆస్ట్రేలియాలో హద్దులు గీసేటప్పుడు ఆ రోజున్న ఓటర్లనే కాక, మూడున్నరేళ్ల తర్వాత ఎంతమంది ఉంటారన్న అంచనాను కూడా లెక్కలోకి తీసుకుని, ఆ అంచనా సరాసరికి 3.5 శాతం లోపు తేడా ఉండేలా చూస్తారు. ఇళ్ల నిర్మాణ అనుమతులు, కొత్త విద్యుత్ కనెక్షన్ల లెక్కలు మన నగరంలోనూ ఉన్నాయి. వేగంగా పెరుగుతున్న శివారు స్థానాలను సరాసరికి కొంత తక్కువ జనాభాతో మొదలుపెట్టాలన్న ఒక్క నియమం పెట్టినా, పదేళ్ల తర్వాత కోకాపేటలోనో శామీర్‌పేటలోనో ఇదే అసమానత మళ్లీ తలెత్తకుండా ఉంటుంది.

ఎనిమిదో దశ: తుది ఆదేశం వచ్చిన తర్వాత

ముసాయిదానూ తుది నోటిఫికేషన్‌నూ పక్కపక్కన పెట్టి, మీ చుట్టుపక్కల ఏ హద్దులు మారాయో నక్షా మీద గుర్తించండి. మీ అభ్యంతరం మీద అధికారులు తమ అభిప్రాయాలు రాసుకున్న నోట్‌ఫైలు ప్రతిని సమాచార హక్కు దరఖాస్తుతో తెప్పించుకోండి. వచ్చిన అభ్యంతరాల్లో ఎన్నింటిని ఏ కారణాలతో ఆమోదించారో, తిరస్కరించారో కూడా అదే దరఖాస్తులో అడగండి. ఓటర్ల జాబితాలో మీ ఇంటివారి పేర్లు కొత్త వార్డులోని పోలింగ్ కేంద్రానికి సరిగా మారాయో లేదో చూసి, లేకపోతే వెంటనే జాబితాలో వివరాలు సరిచేయమని కోరే ఫారం 8 ఇవ్వండి. బ్లాకుల జనాభా పట్టిక, నక్షాలు, రసీదులు, జవాబులు అన్నీ ఒక ఫైలులో పెట్టి కాలనీ సంఘం కార్యాలయంలో భద్రపరచండి. కార్యదర్శి మారినప్పుడు ఆ ఫైలును కూడా లెక్కల పుస్తకంతో పాటు కొత్తవారికి సంతకం తీసుకుని అప్పగించండి.